ఊరంతా విన్న చప్పుడు

తుఫానుకి సీతాకోకచిలుక అని పేరు పెట్టారట.
కరెంటు తిరిగొచ్చిన రోజు, అంటే ఇరవై రెండో రోజు,
టీవీ చెబితే తెలిసింది మాకు.
అప్పట్నించి పసుపు రెక్కలది ఏది గడప దాటినా
పున్నమ్మ చేట తిరగేసి కొట్టేది.
ఎవరం నవ్వలేదు.
మా తలుపులు కూడా వేసే ఉన్నాయి.

కొబ్బరిచెట్లన్నీ వల్లకాడు వైపే తలపెట్టి పడ్డాయన్నాడు కూర్మారావు.
వెళ్లి చూడకుండానే నమ్మాం.
అటు సముద్రం ఉంది, కవిటి రోడ్డుంది,
మా పిల్లల బడి కూడా ఉంది.

నేను ఆశా కార్యకర్తని.
ఊళ్లో మనిషి ఎదురైతే
ఇంటిపేరు కన్నా ముందు క్రియాటినిన్ గుర్తొస్తుంది నాకు.
నాలుగు పాయింట్ రెండు. ఆరు. తొమ్మిది పాయింట్ ఎనిమిది.
పలాస బస్సు నెంబరు చివర తొంభై ఎనిమిది చూసి
ఢిల్లేసు ఎక్కలేదొకనాడు.
"బస్సుకి నా లెక్క తెలిసిపోనాది అప్పా" అన్నాడు.
ఆ వారం డయాలసిస్ పోయింది.
పై వారం ఢిల్లేసు పోయాడు.
ఆ బస్సు ఇప్పటికీ నేనూ ఎక్కను.

ఎవరెవరో వచ్చారు జీపుల్లో.
బోరు నీళ్లు, పొలం మట్టి, తినే బియ్యం,
మా ఉచ్చ, మా నెత్తురు
సీసాలకెత్తి మూతలు బిగించి పట్టుకెళ్లారు.
ఒక్క సీసా తిరిగొచ్చి ఇదీ సంగతని చెప్పలేదు.
జవాబు పడని గోతిలో
ఏదో ఒకటి మొలవక మానదు.
ముందు, జీడితోటలో ఎవడో టార్చిలైటు తిప్పుతున్నాడని.
తర్వాత, ట్యాంకులో ఏదో కలిపారని.
ఆ తర్వాత, బోరింగు గొట్టంలో ఎవరో దగ్గుతున్నారని.

దగ్గు నేనూ విన్నాను.
ఇది ఏ రిజిస్టర్లోనూ రాయలేదు.
రాత్రి రెండింటికి బిందె అక్కడే వదిలి పరిగెత్తాను.
మా మావ దగ్గు అది,
చివర చిన్న ఈల.
మావ పోయి అప్పటికి మూడేళ్లు.

చలికాలం మొదట్లో దుప్పట్లమ్మేవాడొకడు వచ్చాడు,
ఏ దేశపోడో, ఇచ్ఛాపురం మీంచి, సైకిల్ మీద.
మూట విప్పాడు.
పైనున్న దుప్పటి నిండా
పసుపు సీతాకోకచిలుకలు.

అంతే.
ముందు అరిచిందెవరో ఇప్పుడెవరూ ఒప్పుకోరు.
కరెంటు స్తంభానికి కట్టాం.
తాడు మా ఇంట్లోదే,
తుఫాను రాత్రి గేదెని కొట్టుకుపోకుండా ఆపిన తాడు.
వాడు వాడి భాషలో ఏదో మొత్తుకుంటున్నాడు,
మాకందులో మా పేర్లు వినిపిస్తున్నాయి.
ఎవరి పేరు వాళ్లకి, స్పష్టంగా.

అప్పుడొచ్చాడు దాలినాయుడు,
ఇంటరు తప్పి గోడ వైపు తిరిగి కూచునే గుంటడు,
గొట్టంతో తప్ప ఎవరితోనూ మాట్లాడనివాడు.
కొడవలితో తాడు కోసేశాడు.
"ఇప్పమని సెప్పినారు" అన్నాడు.
"ఎవులు రా?"
"కింద ఉన్నోల్లు. మనోల్లే."

మర్నాడు వాణ్ణి విశాఖ పిచ్చాసుపత్రికి తీసుకెళ్లాం.
మమ్మల్నెవరూ తీసుకెళ్లలేదు.

డాక్టరు మంచివాడే.
"ఎన్నాళ్ల నించి వినిపిస్తున్నాయమ్మా ఇతనికి?"
ఫారంలో పేరు రాయడానికి ఒక్కటే గీత.
రెండు వందల గడపలు నోటి దాకా వచ్చాయి నాకు.
మింగేసి, దాలినాయుడు అన్నాను.
తుఫాను నించి అన్నాను.
అదొక్కటీ అబద్ధం కాదు.

మాత్రలు పని చేస్తాయంటున్నారు. చేయనీ.
వాడు గొట్టం దగ్గరికి వెళ్లడం మానేస్తాడు.
మేం మానలేం, వేరే నీళ్లెక్కడున్నాయి.

బస్సు దిగేసరికి చీకటి.
వాళ్లమ్మ లాంతరు పట్టుకుని రోడ్డు మీదే ఉంది.
"ఏటన్నాడు డాక్టరు?"
"ముందు కంటినిండా నిద్రపోవాలన్నాడు."
"ఎవులు?" అంది.